పర్లాకిమిడిలో డాకర్ కంపోజ్, పోస్ట్‌గ్రెస్: వాడి చూసినవాడి మాట

మా ఊళ్లో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసేవాడికి మూడు లిపులు, రెండు రాష్ట్రాల పన్ను లెక్కలు తప్పవు. ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడి బజారులోనే సరుకు అమ్మితే కేంద్రానికి సీజీఎస్టీ, రాష్ట్రానికి ఎస్‌జీఎస్టీ చెరిసగం. అదే సరుకు సరిహద్దు దాటి పక్కనే ఆంధ్రాలో ఉన్న పాతపట్నం చేరితే రాష్ట్రాల మధ్య అమ్మకాలకు వేసే ఐజీఎస్టీ. జీఎస్టీ నంబరులో మొదటి రెండంకెలు ఇక్కడివారికి 21, అక్కడివారికి 37. ఖాతాదారుల పేర్లు కొన్ని తెలుగులో, కొన్ని ఒడియాలో, మిగిలినవి ఇంగ్లిషు అక్షరాల్లో ఉంటాయి. వీటన్నిటినీ సరిగా పరీక్షించాలంటే నా దగ్గర పని నేర్చుకునే పిల్లలందరి యంత్రాల్లోనూ ఒకే వెర్షను డేటాబేసు, ఒకే అమరిక ఉండాలి. కానీ కాశీనగర్ నుంచి వచ్చే అబ్బాయిది విండోస్, గుణుపురం అమ్మాయిది వాళ్ల అన్నయ్య వాడి ఇచ్చిన ఉబుంటు ల్యాప్‌టాప్. అందుకే డాకర్ పట్టుకున్నాం. అది ఒక్కో సాఫ్ట్‌వేర్‌ను దానికి కావలసినవాటితో సహా కంటెయినర్ అనే విడి డబ్బాలో నడుపుతుంది. అలాంటి డబ్బాలను కలిపి నడిపే డాకర్ కంపోజ్‌లో పోస్ట్‌గ్రెస్ డేటాబేసు, పైథాన్‌లో వెబ్ సాఫ్ట్‌వేర్ రాయడానికి వాడే జాంగో కలిపి పెట్టుకున్నాం.

తీర్పు ముందే చెప్పేస్తాను. కంపోజ్‌కు పూర్తి మార్కులు వేస్తాను. విండోస్ మీద డాకర్‌ను కిటికీలు, బొమ్మలతో నడిపే డాకర్ డెస్క్‌టాప్‌కు మాత్రం మీ ర్యామ్ ఎంతో అడిగి గానీ మార్కులు వేయను.

కంపోజ్‌లో నాకు నచ్చింది, మొత్తం అమరిక ఒక్క యామల్ ఫైలులో (అమరికలు రాసుకునే సాదా అక్షరాల ఫైలు) ఇమిడిపోవడం. డేటాబేసు ఏ వెర్షను, ఏ పోర్టు (బయటినుంచి చేరే తలుపు నంబరు), కోడ్ ఏ ఫోల్డరులో ఉంది, అన్నీ అందులోనే. ఆ ఫైలును కోడ్‌తో పాటు, మార్పులన్నీ దాచిపెట్టే గిట్‌లో పెడితే కొత్తగా చేరినవాళ్లు ఒక్క ఆదేశంతో పని మొదలుపెట్టవచ్చు. పాత పాఠాల్లో డాకర్‌కూ కంపోజ్‌కూ మధ్య అడ్డగీత ఉంటుంది. అది పైథాన్‌లో రాసిన మొదటి వెర్షను, దానికి 2023తో మరమ్మతులు ఆగిపోయాయి. ఇప్పుడు అడ్డగీత లేకుండా ఖాళీ వదిలి రాయాలి. ఫైలు మొదట్లో వెర్షను నంబరు రాయడం కూడా ఇక అనవసరం.

కొత్తగా వచ్చిన ప్రతివాళ్లూ మొదట అడిగేది ఒక్కటే. “మాస్టారూ, లోకల్‌హోస్ట్‌లో డేటాబేసు లేదంటోంది!” లోకల్‌హోస్ట్ అంటే ‘ఈ యంత్రమే’ అని. కంటెయినర్ లోపల లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటెయినరే. పక్కింట్లో ఉన్నవాడి కోసం మన ఇల్లంతా వెతికితే ఎలా దొరుకుతాడు? యామల్ ఫైలులో డేటాబేసు సర్వీసుకు ఏ పేరు పెట్టామో జాంగో సెట్టింగుల్లో హోస్టు దగ్గర ఆ పేరే రాయాలి. అలాగే జాంగో సర్వరును 0.0.0.0 మీద, అంటే అన్ని వైపుల నుంచీ, వినమని చెప్పకపోతే బయట బ్రౌజరుకు ఏమీ కనిపించదు. జాంగో డేటాబేసు మీద ఆధారపడి ఉందని రాసినంత మాత్రాన కంపోజ్ అది సిద్ధమయ్యేదాకా ఆగదు. కంటెయినరు మొదలైతే చాలనుకుని జాంగోను లేపేస్తుంది. పోస్ట్‌గ్రెస్ సిద్ధమా అని అడిగే పీజీ ఈజ్‌రెడీ పరీక్షతో హెల్త్‌చెక్ పెట్టి, డేటాబేసు ఆరోగ్యంగా ఉన్నాకే మొదలుపెట్టమని షరతు రాయాలి.

మా ప్రాంతానికి ఇది బాగా పనికొస్తుందని నేననడానికి అసలు కారణం వేరే ఉంది. పోస్ట్‌గ్రెస్ మామూలు ఇమేజ్ (కంటెయినర్ తయారయ్యే అచ్చు) విప్పితే 400 ఎంబీ దాటుతుంది. నెట్ నత్తనడక నడిచే రోజున ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ దాన్ని విడివిడిగా దించడం దండగ. పైగా ఇమేజ్‌లు దొరికే డాకర్ హబ్‌లో ఖాతా లేకుండా దించుకునేవారికి ఆరు గంటలకు 100 సార్లు అనే హద్దు ఉంది. ఆ లెక్క ఐపీ చిరునామాను బట్టి కాబట్టి ఒకే కనెక్షను పంచుకునేవాళ్లంతా ఒకే లెక్కలో పడతారు. డాకర్‌లో సేవ్, లోడ్ అని రెండు ఆదేశాలున్నాయి. ఒక యంత్రంలో దించిన ఇమేజ్‌ను టార్ ఫైలుగా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఇంకో యంత్రంలో నెట్ లేకుండానే దించుకోవచ్చు. రెండు యంత్రాల ప్రాసెసరు రకం ఒకటే అయి ఉండాలి. ఇమేజ్‌తో పాటు డేటా రాదు, దానికి పీజీ డంప్ (డేటా నకలు) వేరుగా తీసుకోవాలి.

ఇక తేదీల గొడవ. కంటెయినర్లు మామూలుగా ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీలో నడుస్తాయి, మన గడియారం వాటికి ఐదున్నర గంటలు ముందు. పగలు పదింటికి తెరిచే బట్టల షాపుకు ఈ తేడా జన్మలో తెలియదు. కూరగాయల హోల్‌సేల్ వ్యాపారి తెల్లవారుజామున నాలుగింటికే బిల్లు కొడతాడు. తేదీని డేటాబేసు నుంచి తీసుకునేలా రాస్తే ఆ బిల్లు ముందురోజు లెక్కలో పడుతుంది. ఒకటో తేదీన అయితే ఏకంగా ముందు నెల జీఎస్టీ రిటర్నులోకి పోతుంది. జాంగోలో టైమ్‌జోన్‌ను ఏషియా/కోల్‌కతా అని మార్చడం ఒక్కటే చాలదు. టైమ్‌జోన్ల సౌకర్యం వాడుతున్నప్పుడు జాంగో డేటాబేసుతో యూటీసీలోనే మాట్లాడుతుంది. బిల్లు తేదీని జాంగో ఇచ్చే స్థానిక తేదీ నుంచే తీసుకోవాలి. పరీక్ష కూడా తెల్లవారుజాము సమయం పెట్టే చేయాలి.

లిపుల సంగతీ అంతే, మొదటే తేల్చుకోవాలి. పోస్ట్‌గ్రెస్‌లో ఐసీయూ అనే భాషల లైబ్రరీ ద్వారా తెలుగుకూ ఒడియాకూ వేర్వేరు వరుసక్రమాలు దొరుకుతాయి. ఒడియాకు అక్కడ గుర్తు ‘ఓఆర్’, తెలుగుకు ‘టీఈ’. ఏ కాలమ్‌కు ఏది కావాలో విడిగా చెప్పవచ్చు. డేటాబేసు మొత్తానికి ఏ లొకేల్ (భాషా అమరిక) అన్నది మాత్రం మొదటిసారి లేచినప్పుడే నిర్ణయమైపోతుంది. చిన్నదని మోజుపడి ఆల్పైన్ అనే చిట్టి లినక్స్ మీద కట్టిన ఇమేజ్ తీసుకుంటే మామూలు లొకేల్‌లు ఉండవు, ఐసీయూ కూడా పోస్ట్‌గ్రెస్ 15వ వెర్షను నుంచే ఉంది. నేను డెబియన్ లినక్స్ మీద కట్టిన ఇమేజే వాడతాను.

ఆ మొదటిసారి అన్నమాట ఇంకోచోట కూడా కీలకం. పట్టికలు సృష్టించే ఎస్‌క్యూఎల్ ఫైళ్లను ఇనిట్‌డీబీ ఫోల్డరులో పెడితే అవి డేటా ఫోల్డరు ఖాళీగా ఉన్నప్పుడు మాత్రమే నడుస్తాయి. తర్వాత ఫైలు ఎన్నిసార్లు దిద్దినా ఉలకదు పలకదు. పాస్‌వర్డ్ మార్పుకూ ఇదే సూత్రం. అలాగని కంటెయినర్లను ఆపే డౌన్ ఆదేశానికి మైనస్ వీ తగిలిస్తే, డేటా దాచే వాల్యూముతో సహా అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. పరీక్ష డేటాకైతే ఫరవాలేదు. షావుకారు గారి అసలు ఖాతాలున్న యంత్రంలో ఆ రెండక్షరాల జోలికి వెళ్లవద్దని పిల్లలకు మొదటిరోజే చెబుతాను.

డాకర్ డెస్క్‌టాప్ విషయానికొస్తే, 250 మంది కన్నా తక్కువ ఉద్యోగులు, కోటి డాలర్ల కన్నా తక్కువ రాబడి ఉన్న సంస్థకు అది ఉచితమే. మా బోటివాళ్లం ఆ గీత దరిదాపుల్లో కూడా లేం. చిక్కల్లా ర్యామ్ దగ్గర. విండోస్‌లో అది డబ్ల్యూఎస్ఎల్ 2 (విండోస్ లోపలే లినక్స్ నడిపే సౌకర్యం) మీద నడుస్తుంది, డబ్ల్యూఎస్ఎల్ మామూలుగా మొత్తం ర్యామ్‌లో సగం దాకా తీసుకోగలదు. 8 జీబీ యంత్రంలో బ్రౌజరు కూడా తెరిచారంటే ఇక టీ తాగి రావచ్చు. డబ్ల్యూఎస్ఎల్ కాన్ఫిగ్ ఫైలులో హద్దు పెట్టుకోండి. కోడ్‌ను సీ డ్రైవులో కాక లినక్స్ వైపు ఫోల్డరులో ఉంచండి, తేడా కంటికే కనిపిస్తుంది. నన్నడిగితే డబ్ల్యూఎస్ఎల్‌లో ఉబుంటు పెట్టి నేరుగా డాకర్ ఇంజన్ వేసుకోవడమే హాయి. కిటికీలు, బొమ్మలు లేకపోతే పని ఆగదు.

లినక్స్ వాడేవారికి ఒక హెచ్చరిక. డేటాబేసు పోర్టును 5432 అని ఊరికే తెరిస్తే డాకర్ దాన్ని అన్ని నెట్‌వర్కులకూ తెరుస్తుంది, ఉబుంటులోని యూఎఫ్‌డబ్ల్యూ రక్షణ గోడ దాన్ని ఆపదు. షాపు వైఫైలో కూర్చున్న ఎవరికైనా డేటాబేసు తలుపు కనిపిస్తుంది. పోర్టు నంబరుకు ముందు 127.0.0.1 చేర్చండి, అంటే ఈ యంత్రానికి మాత్రమే తెరవమని.

యామల్ ఫైలులో ఇమేజ్ పేరు పక్కన వెర్షను బదులు ‘లేటెస్ట్’ అని మాత్రం రాయకండి. పోస్ట్‌గ్రెస్ ఒక పెద్ద వెర్షను డేటాను తర్వాతి పెద్ద వెర్షను నేరుగా తెరవదు. పైగా 2025 సెప్టెంబరులో వచ్చిన 18తో అధికారిక ఇమేజ్‌లో వాల్యూము తగిలించే చోటు కూడా మారింది, చివరి ‘డేటా’ ఫోల్డరు తీసేసి ఒక మెట్టు పైన తగిలించాలి. పాత షాపుల ఫైళ్లలో 17 అనే ఉంచాను, కొత్తగా మొదలయ్యే పనులకు 18. రెండూ ఒకే యంత్రంలో 5432, 5433 పోర్టుల మీద పక్కపక్కనే నడుస్తున్నాయి.