సార్వా ఊడ్పులకు నీడ, నీరు, విరామం: ఒక సేవపై సమీక్ష

గోదావరి మధ్య డెల్టాలోని మా చుట్టుపక్కల ఊళ్ళలో రైతులూ, వరి నాట్లు వేసే ఊడ్పుల ముఠాలూ కలిసి నడుపుతున్న ఒక ఏర్పాటును మొన్నటి సార్వాలో, అంటే ఖరీఫ్ వరి పంటలో, మా చేనుకు మాట్లాడుకున్నాము. ఎకరాకు ఇచ్చే గుత్తకు పైన, ఒక మనిషి పూట కూలికి మించని రుసుము కడితే, గట్టు మీద టార్పాలిన్ పందిరి వేసి, మంచినీళ్ళ టిన్నులు, ఓఆర్‌ఎస్ పొట్లాలు తెచ్చి, వేళకు విరామం ఇప్పించే మనిషిని కూడా వాళ్ళే పంపుతారు.

వడగాలులను లెక్కించేటప్పుడు వాతావరణ శాఖ మైదానాలకు కనీసం 40 డిగ్రీలు, తీర ప్రాంతానికి 37 డిగ్రీలు హద్దుగా పెట్టుకుంది. మా వైపు ఉక్కలో చెమట ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. తొలకరి ఆలస్యమైన ఏడు, మడిలో నిలిచిన నీళ్ళ మీది నుంచి ఎండ తిరిగి ముఖానికే కొడుతుంటే, నడుం వంచి నాటే ఆడవారికి ఆ అంకెలు చేరకముందే వేడి భరించరానిదిగా తోస్తుంది.

ఈ సేవలో నాకు అన్నింటికన్నా నచ్చినది పందిరి కాదు, విరామానికి డబ్బు కట్టిన తీరు. గుత్త పనిలో ఎంత నాటితే అంత ముడుతుంది కనుక, ఊరికే నీడ వేసి కూర్చోమంటే ఎవరూ కూర్చోరు. ఇక్కడ వసూలైన రుసుములో కొంత విరామపు కూలిగా ముఠా అంతటికీ సమానంగా పంచుతారు. పైగా వరుస మొత్తం ఒకేసారి గట్టెక్కుతుంది కాబట్టి ఒకరు వెనకబడ్డారన్న మాట రాదు. ముఠాలోకి కొత్తగా వచ్చినవారికి మొదటి వారం పని తగ్గించి ఇస్తారు. ఎండకు ఒళ్ళు అలవాటుపడడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది కాబట్టి అది సరైన పద్ధతే.

నీళ్ళ విషయంలో మాత్రం ఇంకా దిద్దుకోవలసినది ఉంది. లీటరు నీటిలో కలపవలసిన పొట్లాన్ని గ్లాసులో కలిపి ఇవ్వడం చూసి నేనే ఆపించాను. అంత చిక్కగా తాగితే మేలుకు బదులు కీడు జరుగుతుంది. అంతకన్నా పెద్ద లోపం మూత్రానికి వెళ్ళడానికి మరుగు లేకపోవడం. చేలో చాటు లేనప్పుడు ఆడవారు దాహాన్ని అణచుకుంటారు గాని నీళ్ళు తాగరు, అప్పుడు టిన్నులు నిండుగానే ఇంటికి తిరిగి వెళ్తాయి. నాలుగు గుంజలు, రెండు తడికలు చాలు. కొబ్బరాకులకు కరువు లేని కోనసీమలో ఇది అడిగి చేయించుకోవలసి రావడం విచిత్రమే. పందిరికి కూడా టార్పాలిన్ కన్నా కొబ్బరాకే నయం, ఎందుకంటే కిందికి కట్టిన టార్పాలిన్ మధ్యాహ్నానికి తానే వేడిని దింపుతుంది.

తెల్లవారుజామున మొదలుపెట్టి పదకొండులోపు ముగించాలన్న నియమం రైతు సహకరిస్తేనే నిలుస్తుంది. ముందురోజు సాయంత్రమే నారు తీయించి కట్టలు మడిలో వేయించకపోతే, ముఠా వచ్చి చల్లటి పూటంతా ఖాళీగా నిలబడి, ఎండెక్కాక నాట్లు మొదలుపెడుతుంది. అలాంటి రైతుకు మరుసటిసారి ఆలస్యంగా వంతు ఇస్తామని వీరు చెప్తారు. అది కచ్చితంగా అమలు చేయాలి.

రుసుము ఎవరు భరించాలన్నదే తేలని సంగతి. అమెరికాలోని ఫ్లోరిడా టమాటా తోటల్లో 2011 నుంచి విస్తృతంగా నడుస్తున్న ఫెయిర్ ఫుడ్ ప్రోగ్రామ్‌లో తోటల యజమానులూ కూలీలూ కలిసి పని నియమాలు పాటిస్తుండగా, పెద్ద కొనుగోలుదారులు పౌండు టమాటాలకు ఒక సెంటు అదనంగా చెల్లిస్తారు. ఇక్కడ ధాన్యం కొనే మిల్లు ఒక్క పైసా ఇవ్వదు, కౌలు బస్తాలు ఒక్కటీ తగ్గవు; డెల్టాలో చాలాచోట్ల సేద్యం చేసేది కౌలు రైతే కనుక భారం అతని మీదే పడుతుంది. సొంత భూమి ఉన్న నాకు తేలికగా అనిపించిన రుసుము పక్క చేను కౌలుదారుకు బరువైంది, అందుకే ఆయన పందిరి వద్దని నీళ్ళు మాత్రమే తీసుకున్నారు. కౌలుకిచ్చిన భూయజమాని సగం కట్టాలన్న షరతు పెడితే ఈ సేవ మరికొన్ని ఊళ్ళకు చేరుతుంది. వచ్చే సార్వాకు నేను మళ్ళీ వీరికే చెప్పాను, తడికల చాటు ఉంటేనే డబ్బు కడతానన్న మాట మీద.