కొలిబ్రి సమీక్ష: నెట్ లేని బడికి సర్వర్ దొరికింది, తెలుగు పాఠాలు మాత్రం మనమే పెట్టుకోవాలి

విశాఖలో నెట్‌కి కొదవేముంది అనుకుంటాం. బడి గోడల లోపల లెక్క వేరు. ఉన్న ఒక్క కనెక్షన్ హాజరు యాప్‌లకే బొటాబొటీ, నలభై మంది ఒకేసారి వీడియో తెరిస్తే తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఇంటికెళ్తే, జాలరిపేటలో గాని ఆరిలోవ కొండవాలులో గాని, చాలా ఇళ్లలో ఒక్కటే ఫోను. అది పొద్దున్నే నాన్న జేబులో బయటికి పోతుంది. సాయంత్రం తిరిగొచ్చాక ముందు అన్నయ్య చేతికి వెళ్తుంది, చెల్లి వంతు ఆ తర్వాత. ‘అందరికీ డిజిటల్ చదువు’ అనే మాట ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే. కొలిబ్రిని కూడా ఈ చోటునుంచే తూకం వేయాలి.

లెర్నింగ్ ఈక్వాలిటీ అనే అమెరికా లాభాపేక్ష లేని సంస్థ తయారుచేసిన ఉచిత, ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఇది. బడిలో ఒక కంప్యూటర్‌లో వేస్తే అదే సర్వర్ అవుతుంది. మిగతా ట్యాబులు, ఫోన్లు వైఫైతో దానికి కలిసి, బ్రౌజర్‌లోనే పాఠాలు తెరుచుకుంటాయి. బయటి ఇంటర్నెట్ అక్కర్లేదు. ప్రభుత్వ డిజిటల్ పాఠాల వేదిక దీక్ష ఉండగా ఇదెందుకు అంటే, పాఠ్యపుస్తకం మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి నేరుగా ఆ పాఠానికి వెళ్లే సౌకర్యం దీక్షదే, కొలిబ్రికి అది లేదు. తరగతి మొత్తం ఎక్కడుందో నెట్ లేకుండా టీచరుకు చూపించడంలో కొలిబ్రిది పైచేయి. రెండూ ఉంచుకోవచ్చు. (దీక్ష నడిచేది సన్‌బర్డ్ మీద, కొలిబ్రి అంటే హమ్మింగ్‌బర్డ్. రెండూ తేనె తాగే పిట్టలే!)

సర్వర్‌గా రాస్‌ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు కొనాలని అందరూ తొందరపడతారు. ల్యాబులో పనిచేసే డెస్క్‌టాప్ ఒకటుంటే అక్కర్లేదు, విండోస్‌లో కొలిబ్రి మామూలు ప్రోగ్రాంలాగే ఎక్కుతుంది. రెండు జాగ్రత్తలు మాత్రం తప్పవు. మొదటిసారి ఫైర్‌వాల్ (బయటి పరికరాలను ఆపే విండోస్ కాపలా) అనుమతి అడిగినప్పుడు కాదంటే సర్వర్‌లో పాఠం కనిపిస్తుంది, ట్యాబుల్లో మాత్రం తెరుచుకోదు. రెండోది, స్లీప్ మోడ్ ఆపాలి. లేదంటే పాఠం మధ్యలో కంప్యూటర్ నిద్రపోతుంది, తరగతి మొత్తానికి పాఠం పోతుంది.

డెస్క్‌టాప్ లేని చోట రాస్‌ప్‌బెర్రీ పై 4 సరిపోతుంది. 4 జీబీ ర్యామ్ బోర్డు, 128 జీబీ మెమరీ కార్డు, 5 వోల్టుల 3 ఆంపియర్ల అడాప్టర్, గాలి ఆడే డబ్బా కావాలి. ఇవన్నీ పెట్టి అడాప్టర్ దగ్గర మాత్రం పిసినారితనం చేస్తారు. పాత ఫోను చార్జర్ తగిలిస్తే కరెంటు చాలక తెర మూలన మెరుపు గుర్తు వస్తుంది, తర్వాత కార్డు పాడవుతుంది. సాయంత్రం బడి మూసేటప్పుడు మెయిన్ స్విచ్ కట్టేయడం మన దగ్గర అలవాటు. షట్‌డౌన్ చేయకుండా రోజూ అలా ఆపితే, ఏదో ఒక రోజు కార్డులోని ఫైళ్లు చెడి బోర్డు లేవదు. అందుకే స్విచ్ కట్టే మనిషికి ‘ముందు ఇది, తర్వాత అది’ అని కాగితం రాసి గోడకు అంటించాలి. అన్నీ అమర్చాక కార్డుకి మొత్తం కాపీ ఒకటి తీసి బీరువాలో పెట్టాలి. అది లేకపోతే మళ్లీ అంతా మొదటినుంచి చేసుకోవాల్సిందే. ఒంటిపూట బడుల కాలంలో రేకుల గదిలో పెడితే వేడి 80 డిగ్రీలు దాటగానే బోర్డు తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. తీరం దగ్గరి బడుల్లో ఉప్పుగాలి ఉంటుంది కాబట్టి ఖాళీ పోర్టులకు రబ్బరు మూతలు పెట్టడం మంచిది.

ఎవరూ ముందే చెప్పని చిక్కు ఇంకొకటుంది. రాస్‌ప్‌బెర్రీ పై 4కి సొంత గడియారం లేదు. నెట్ ఉంటే సమయం అక్కడినుంచి తెచ్చుకుంటుంది, లేకపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ పాత తేదీలోనే నడుస్తుంది. నిన్న పిల్ల చేసిన అభ్యాసం పోయిన వారం చేసినట్టు రిపోర్టులో పడుతుంది. డీఎస్3231 అనే చిన్న గడియారం మాడ్యూల్ తగిలించి, ఒక్కసారి సెట్ చేస్తే ఆ బాధ ఉండదు.

రాస్‌ప్‌బెర్రీ పైలోని వైఫైని నమ్ముకోవద్దు, అరడజను ట్యాబులు దాటగానే తడబడుతుంది. విడిగా రెండు బ్యాండ్ల రౌటర్ పెట్టి, బోర్డును దానికి కేబుల్‌తో కలపాలి. రౌటర్ సెట్టింగుల్లో సర్వర్‌కి ఎప్పుడూ ఒకే ఐపీ చిరునామా (బ్రౌజర్‌లో కొట్టే అంకెల చిరునామా) దక్కేలా రిజర్వ్ చేయాలి. లేకపోతే కరెంటు పోయి వచ్చాక చిరునామా మారుతుంది, బోర్డు మీద రాసిన పాతది ఎన్నిసార్లు కొట్టినా పేజీ రాదు. చిరునామా చివర :8080 అనే పోర్టు అంకె మరవకూడదు. సిమ్ ఉన్న ఫోన్లతో ఇంకో తంటా ఉంది. ‘ఈ వైఫైలో ఇంటర్నెట్ లేదు’ అని చెప్పి అవి మొబైల్ డేటాలోకి దూకుతాయి. డేటా ఆపించాకే తరగతి మొదలుపెట్టాలి. వీడియోను టీచరు పెద్ద తెర మీద ఒక్కసారి చూపించి, ట్యాబుల్లో అభ్యాసాలు మాత్రమే చేయిస్తే చవక రౌటర్ కూడా బండి లాగిస్తుంది.

ఇక కొలిబ్రి అసలు బలం. ప్రగతి నమోదయ్యేది పిల్ల పేరు మీద, పరికరం మీద కాదు. ముగ్గురికి ఒక ట్యాబు ఉన్నా ఎవరి ఖాతా వారిది. ఈరోజు ఈ ట్యాబు, రేపు ఇంకోటి, ఏదైనా ఫరవాలేదు. చిన్న తరగతులకు పాస్‌వర్డ్ అక్కర్లేకుండా సెట్ చేయొచ్చు. అడ్మిషన్ నంబరునే యూజర్ పేరుగా పెట్టి, పూర్తి పేరు తెలుగులో రాస్తే చాలు. జాబితాను సీఎస్‌వీ ఫైలుగా (కామాలతో విడదీసిన పట్టిక) ఒకేసారి ఎక్కించవచ్చు, అయితే ఎక్సెల్‌లో తెలుగు అక్షరాలను సరిగ్గా దాచే యూటీఎఫ్-8 పద్ధతి ఎంచుకోకుండా సేవ్ చేస్తే తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి. ఎక్కించేటప్పుడు జాబితాలో లేనివారిని తొలగించాలా అని ఒక గడి కనిపిస్తుంది. ఏడో తరగతి జాబితా మాత్రమే ఎక్కిస్తూ అది టిక్ చేస్తే మిగతా తరగతుల పిల్లలు మాయం!

టీచరు తెరలో ఎవరు ఏ అభ్యాసంలో ఇరుక్కున్నారో, ఏ ప్రశ్న ఎక్కువమంది తప్పుతున్నారో కనిపిస్తుంది. భిన్నాల కూడికలో పదిమంది ఒకే ప్రశ్న తప్పితే వారినే ఒక గ్రూపు చేసి వారికే వేరే పాఠం కేటాయించవచ్చు. వెనకబెంచీలో మాట్లాడని పిల్ల కూడా ఈ జాబితాలో తప్పించుకోలేదు. ఆండ్రాయిడ్ యాప్‌ను ‘నేర్చుకోవడానికి మాత్రమే’ పద్ధతిలో ట్యాబుల్లో వేస్తే, ఇంటి దగ్గర వైఫై లేకుండా చేసింది కూడా మర్నాడు బడి వైఫై తగలగానే సర్వర్‌కి చేరుతుంది.

బలహీనత తెలుగే. మెనూలు తెలుగులోకి మారతాయి గానీ, ఇంగ్లీషు పాఠాల పక్కన పెడితే తెలుగు అర వెలవెలబోతుంది. స్టోరీవీవర్ అనే ఉచిత కథల వేదికలోని కథలు చిన్న తరగతులకు పనికొస్తాయి, ఉన్నత పాఠశాల గణితం, సైన్సుకు టీచరే పూనుకోవాలి. దానికి కొలిబ్రి స్టూడియో అనే వెబ్‌సైటు ఉంది. నెట్ ఉన్నచోట ఖాతా తెరిచి, పీడీఎఫ్, ఎంపీ3, ఎంపీ4 ఎక్కించి, చానెల్‌గా, అంటే పాఠాల కట్టగా ప్రచురిస్తే ఐదక్షరాల ముక్కలు రెండు కలిపిన టోకెన్ (గుర్తింపు కోడ్) ఇస్తుంది. ఆ టోకెన్‌తో దించుకున్నాక, పెన్‌డ్రైవ్‌లో మిగతా బడులకు పంచుకోవచ్చు. ఉచిత ఖాతాకు మొదట దొరికేది 500 ఎంబీ, కాబట్టి వీడియోలను ఎక్కించేముందే కుదించాలి. తెలుగు, ఇంగ్లీషు ఎదురెదురు పేజీల్లో ఉండే మన ద్విభాషా పుస్తకాల పీడీఎఫ్‌ను మొత్తంగా పెట్టొద్దు, చిన్న ట్యాబు దాన్ని తెరవలేక అల్లాడుతుంది. పాఠానికి ఒక ఫైలుగా కోయాలి.

ప్రశ్నల దగ్గర అసలు శ్రమ. మన బడుల్లో పాత ప్రశ్నపత్రాలు చాలావరకు అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) కొట్టినవి. వాటిని కాపీ చేసి స్టూడియోలో పెడితే పిచ్చి గీతలు వస్తాయి. కన్వర్టర్‌తో, ఏ పరికరంలోనైనా చదవగల యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు, సున్నలు కళ్లతో ఒకసారి సరిచూడాలి. ప్రశ్నలను కొలిబ్రిలోనే నేరుగా రాసుకునే వీలు లేకపోవడం పెద్ద లోటు. ప్రతి సవరణకూ నెట్ దగ్గరికి వెళ్లి, మళ్లీ ప్రచురించి, మళ్లీ దించుకోవాలి.

సాఫ్ట్‌వేర్‌గా ఐదుకు నాలుగు ఇవ్వొచ్చు, తెలుగు బడి చేతికి వచ్చేసరికి మూడు. ఇంగ్లీషు మీడియం హైస్కూలుకు నిస్సంకోచంగా పెట్టొచ్చు. ప్రాథమిక పాఠశాలకైతే ముందు కథలు, అంకెల అభ్యాసాలతో ఒక తరగతికి మొదలుపెట్టి, నలుగురైదుగురు టీచర్లు తలా ఒక సబ్జెక్టు పంచుకుని చానెల్ తయారుచేశాకే మిగతా తరగతులకు విస్తరించాలి. టైంటేబుల్‌లో ట్యాబు పీరియడు ఎవరిదో రాతలో ఉండాలి. లేకపోతే ట్యాబులు పదో తరగతి చేతిలోనే ఉండిపోతాయి. వేసవి సెలవులకు ముందు సర్వర్‌ని సరిగ్గా షట్‌డౌన్ చేసి, అడాప్టర్ తీసి, సిలికా జెల్ పొట్లంతో గాలి చొరని డబ్బాలో పెట్టండి. ట్యాబుల బ్యాటరీలను సగం చార్జిలో వదలండి.