ఫోల్డర్లు సర్దాం, రెండున్నరేళ్లు వాడాం

భీమవరంలో ఎనిమిది మందిమి కూర్చునే చిన్న ఆఫీసు మాది. రొయ్యల వ్యాపారులకి లెక్కల సాఫ్ట్‌వేర్ రాస్తాం: మేత అప్పులు, పట్టుబడి తూకాలు, కౌంటుని (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) బట్టి రేట్లు. పదేళ్ల కోడు, రెండు వేల పైచిలుకు ఫైళ్లు. వాటన్నిటినీ రెండున్నరేళ్ల కిందట కొత్త ఫోల్డర్లలోకి సర్దాం. సర్దిన వారంలో అడిగితే ఎవరైనా బ్రహ్మాండం అంటారు. అందుకే ఇన్నాళ్లు ఆగి రాస్తున్నాను.

ముందు ఫోల్డర్లు కోడు రకాన్ని బట్టి ఉండేవి. స్క్రీన్లన్నీ ఒకచోట, డేటాబేస్ కోడంతా ఇంకోచోట, ఎక్కడా ఇమడనివి 'కామన్'లో. కామన్ అంటే మా ఇంటి అటకే. పట్టుబడి రేటు మార్చాలంటే ఐదు ఫోల్డర్లు తిరగాలి. ఇప్పుడు మేత, పట్టుబడి, ఖాతాలు అని పనిని బట్టి విడగొట్టాం. ఇదివరకు కొత్తగా చేరినవాళ్లు నెల రోజులపాటు "ఏవండీ, ఇదెక్కడుందండీ బాబూ?" అంటూ నా కుర్చీ వెనకే నిలబడేవారు. పోయినేడు చేరిన పాలకొల్లు అమ్మాయి రెండో రోజే తనంతట తాను ఫైలు వెతుక్కుంది. ఈ విషయంలో నూటికి నూరు మార్కులు.

ఇక ఖర్చు. ఒక వ్యాపారి ఫోన్ చేసి, 101 కౌంటు సరుక్కి 100 కౌంటు రేటు పడుతోందని గొడవ. కౌంటు పెరిగితే రొయ్య చిన్నది, రేటు తగ్గాలి కదా. చూస్తే కోడులో ఒక లైను, వంద మీద రెండు కౌంట్ల దాకా వంద కిందే లెక్కేస్తోంది. తప్పా, కావాలని పెట్టిందా? ఎవరు రాశారో చూద్దామని గిట్ బ్లేమ్ కొట్టాను. గిట్ అంటే కోడులో చేసిన ప్రతి మార్పునీ దాచే సాధనం, బ్లేమ్ అంటే ఒక్కో లైనునీ చివరగా ఎవరు మార్చారో చూపించే దాని కమాండ్. నా పేరొచ్చింది. పక్కన 'ఫైళ్లు సర్దడం' అన్న సందేశం. ఆ లైను నేను జన్మలో రాయలేదు.

చేసింది మాత్రం నేనే. ఫైలుని జరిపిన సంగతి గిట్ ఎక్కడా రాసి పెట్టుకోదు. అడిగినప్పుడు పాత ఫైలునీ కొత్త ఫైలునీ పోల్చి, మామూలుగా 50 శాతం పోలిక ఉంటే పేరు మారిందని అనుకుంటుంది. నేనేమో నాలుగు వేల లైన్ల ఫైలుని ఆరు ముక్కలు చేసి, ఫంక్షన్ల పేర్లు మార్చి, ఖాళీలు కూడా సరిచేసి, అంతా ఒకే కమిట్‌లో (గిట్‌లో ఒకసారిగా దాచే మార్పుల మూటలో) తోసేశాను. ఇక పోలికెక్కడ మిగుల్తుంది? వేరే ఫైళ్ల నుంచి వచ్చిన లైన్లని కూడా వెతకమని బ్లేమ్‌కి మైనస్ సీ ఇచ్చినా ఆ లైను దొరకలేదు, అందులో పేరు మారిపోయింది మరి. చివరికి పాత మార్పుల చరిత్ర చూపే గిట్ లాగ్‌కి, ఒక మాట ఎప్పుడు చేరిందో వెతికే మైనస్ ఎస్ పెట్టి పాత ఫంక్షన్ పేరు వెతికితే ఏడేళ్ల నాటి కమిట్ తేలింది. రైతులతో పేచీ ఎందుకని ఆ వ్యాపారి నాన్నగారే అడిగి పెట్టించుకున్నారు! సగం రోజు పోయింది. ఇలాంటి సగం రోజులు ఈ రెండున్నరేళ్లలో చాలానే పోయాయి.

సర్దేముందు మా పెద్దాయన "లైనక్స్ కెర్నెల్‌లోనే చేశారు, మనకేంటి" అన్నారు. నిజమే, కెర్నెల్ అంటే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ, అందులో 2007లో 32 బిట్ల, 64 బిట్ల ఇంటెల్ కోడుని ఒక్క డైరెక్టరీలో కలిపారు. కానీ వాళ్లు ముందు ఫైళ్లని ఉన్నవున్నట్టు జరిపి, పేరు చివర 32 అనో 64 అనో తగిలించి వదిలేశారు. లోపలి కోడు కలపడం ఆ తర్వాత మెల్లగా సాగింది. ఆ సంగతి నేను తర్వాత చదువుకున్నాను, ఏం లాభం.

ఇంకో బాధ పాత వెర్షన్ వదలని కస్టమర్లు. ఊరికే జరిపిన ఫైళ్లలో అయితే కొత్త దిద్దుబాటుని చెర్రీపిక్ చేస్తే, అంటే ఆ ఒక్క కమిట్‌నే తీసి వేస్తే, పాతదానికీ అతుక్కునేది. ముక్కలు చేసిన ఫైళ్లకి మాత్రం ఏడాదిన్నరపాటు చేత్తో రెండుసార్లు దిద్దాం. 'రిపోర్ట్స్' ఫోల్డర్ పేరులో పెద్దక్షరాన్ని చిన్నది చేస్తే మా విండోస్ మెషీన్లలో హాయిగా నడిచింది, పెద్దా చిన్నా అక్షరాలని వేరువేరుగా చూసే లైనక్స్ బిల్డ్ సర్వర్ (కోడుని ప్రోగ్రాముగా కట్టే మెషీన్) మీద పడిపోయింది. అదొక రాత్రి టెన్షన్.

సమయం కూడా తప్పే. ఇక్కడ దాళ్వా కోతలయ్యాక, కాలువలు కట్టేసిన వేసవిలో పూడిక తీస్తారు. నీళ్లు పారుతుండగా ఎవరూ దిగరు. మేం పదకొండు బ్రాంచీలు (ఇంకా అసలు కోడులో కలపని పనులు) తెరిచి ఉండగా దిగాం. అందులో ఒక కుర్రాడి మూడు వారాల పని కలపడానికి ఇద్దరం నాలుగు రోజులు కూర్చున్నాం. "మీరు చెప్పుంటే వారం ముందే కలిపేసేవాణ్ణి కదండీ" అన్నాడు. చెప్పలేదు.

ఐదుకి మూడు స్టార్లు. జరపడం వరకూ అయితే నాలుగున్నర ఇచ్చేవాణ్ణి. 'కామన్'లో ఇంకా అరవై ఫైళ్లున్నాయి. అవీ సర్దేద్దామని పెద్దాయన మళ్లీ అంటున్నారు. వాటిని ఏడాదికోసారి కూడా ఎవరూ తెరవడం లేదని లాగ్ తీసి చూపించాను.