మట్టికి, రబ్బీషుకి అద్దె డబ్బా: చాన్నాళ్ళు వాడాక నా మాట

వైజాగ్‌లో పాత ఇళ్ళ రిపేర్లు, సంపులు తవ్వించడం, పాత స్లాబులు కొట్టించడం, ఇదే నా పని. ట్రాక్టర్ బదులు అద్దె డబ్బా వాడటం మొదలెట్టి చాలా కాలమే అయింది. అదేనండి, జీవీఎంసీ (మన వైజాగ్ కార్పొరేషన్) వాళ్ళు చెత్తకి వాడే డంపర్ బిన్ లాంటిదే, లారీ వచ్చి ఖాళీ ఇనప డబ్బా గేటు ముందు దించేసి పోద్ది, నిండాక గొలుసులు తగిలించి ఎత్తుకుపోద్ది. బాగుంటదా అని ఎవరో ఒకళ్ళు అడుగుతూనే ఉన్నారు కాబట్టి ఒకేసారి రాసేస్తున్నా.

మట్టి పోయడానికైతే డబ్బా సైజు చూసి మురిసిపోకండి, బరువు చూడండి. నేను తెప్పించేది నాలుగున్నర క్యూబిక్ మీటర్లది, మన లెక్కలో యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు కదా, ఒకటిన్నర యూనిట్ పైచిలుకు. కొమ్మలు, పాత సోఫాలు, చెక్కలు అయితే నిండా కుక్కినా ఏం కాదు. మట్టి అలాకాదు, క్యూబిక్ మీటరు దగ్గరదగ్గర టన్నున్నర తూగుద్ది, అంచు దాకా పోస్తే ఆరేడు టన్నులు, వానకి తడిసిందంటే ఇంకా పైనే. అందుకే డబ్బా లోపల తెల్ల పెయింటుతో గీత కొట్టి ఉంటది, మట్టి, కాంక్రీటు ముక్కలు అయితే అక్కడికి ఆపేయాలి. మర్రిపాలెంలో ఒక ఓనరు గారు, డబ్బులిచ్చాం కదా ఖాళీ ఎందుకు వదలాలి అని దగ్గరుండి మరీ గీత దాటించి కుప్పగా పోయించారు. లారీ ఎత్తబోయింది, గొలుసులు బిగిసి కిర్రుమన్నాయి, డబ్బా జానెడు లేవలేదు గానీ లారీ ముందు చక్రాలు లేచాయి. డ్రైవరు కిందకి దిగి "సగం తోడించండి బాబూ, అప్పుడు ఫోన్ చేయండి" అని టీ కొట్టుకి పోయాడు. తోడిన కూలి ఓనరు గారే ఇచ్చుకున్నారు, ఏటి చేస్తాం.

మా బావ ఇంగ్లండ్‌లో ఉంటాడు, అక్కడా ఇదే గోలంట, మట్టి, ఇటుకల్లాంటి బరువు సరుకుకి 8 ఘనపు గజాల డబ్బా కంటే పెద్దది చాలామంది ఇవ్వరంట, పెద్దవన్నీ తేలిక సామానుకే. పైగా రోడ్డు మీద పెట్టాలంటే కౌన్సిల్ పర్మిషన్ ఉండాలి, రాత్రి దీపాలు పెట్టాలి. మన దగ్గర దీపం గురించి అడిగేవాడెవడు, నేనైతే మెరిసే స్టిక్కర్లు అంటించి పక్కన ఒక డ్రమ్ము పెట్టిస్తా, సందు మలుపులో బైకులోళ్ళు చూసుకోరు.

ఇంకోటి, తవ్విన మట్టి ఉబ్బుద్ది. పదడుగులు, ఎనిమిదడుగులు, లోతు ఆరడుగులు సంపు తవ్వితే కాగితం మీద 480 ఘనపుటడుగులే, పైకొచ్చాక పావు వంతు పెరిగి 600 దాకా అవుద్ది, అంటే ఆరు యూనిట్లు. గీత దాకానే పోస్తే ఒకటిన్నర యూనిట్ డబ్బాలో అటూఇటుగా యూనిటే పడుద్ది, దాన్నిబట్టి ఎన్ని ట్రిప్పులో ముందే లెక్కేసుకోండి.

ఇక ఎక్కడ పనికొస్తదంటే, కంచరపాలెం, అక్కయ్యపాలెం సందుల్లో జేసీబీ దూరదు, ఇద్దరు కూలీలు పలుగు పారతో రోజూ కొంచెం కొంచెం తవ్వుతారు, ట్రాక్టర్ వాడు అంతసేపు నిలబడడు, మట్టి రోడ్డు మీద కుప్ప పోస్తే పక్కింటి వాళ్ళతో గొడవ, సాయంత్రం వానొస్తే ఎర్రమట్టంతా కాలవలోకి, అక్కణ్ణుంచి గెడ్డలోకి (వాగులోకి). డబ్బా ఉంటే ఆ తలనొప్పి లేదు. ముందు వైపు తలుపు కిందకి పడేది అడిగి మరీ తెప్పించుకోండి, తోపుడు బండి లోపలికి పోద్ది, లేకపోతే గమేళా తలెత్తు పైకి ఎత్తి పోయలేక మధ్యాహ్నానికే కూలీలు కూలబడతారు.

అదే ఖాళీ సైటు, జేసీబీ లోపలికొస్తది, ఒక్కరోజులో మట్టంతా తీసేస్తారు అంటే డబ్బా జోలికి పోవద్దు, టిప్పరే చవక. ఆరిలోవ కొండవాలు రోడ్లలోనూ నేను పెట్టించను, డబ్బా ఎత్తేటప్పుడు లారీ ఒరగకుండా వెనక దించే ఇనప కాళ్ళకి చదును నేల ఉండాలి. గచ్చు, టైల్స్ ఉన్నచోట కింద పాత టైర్లు పరవకపోతే గీతలు కాదు పగుళ్ళే.

నాకు కోపం తెప్పించేది పికప్. రేపొస్తాం అంటారు, అక్టోబరు, నవంబరు వానల్లో ఆ రేపు రాదు, మట్టి నీళ్ళు తాగి బరువెక్కుతా ఉంటది, అద్దె మాత్రం ఎక్కుద్ది. అందుకే వానలప్పుడు టార్పాలిన్ నేనే కొని ఉంచా, ఆలస్యం వాళ్ళది అయితే అద్దె లేదని వాట్సాప్‌లో రాయించుకున్నాకే డబ్బా దింపనిస్తా.

మట్టినీ రబ్బీషునీ కలపకండి, దీని దగ్గరే డబ్బు మిగిలేది. శుభ్రమైన ఎర్రమట్టి అయితే పెందుర్తి, సబ్బవరం వైపు ప్లాట్లు మెరక చేసుకునేవాళ్ళు బండి వాళ్ళే పంపి పట్టుకుపోతారు. అందులో టైల్ ముక్కలు, వైర్లు, పాలిథిన్ పడ్డాయా, ఎవరూ ముట్టరు. కేంద్రం 2016లో తెచ్చిన నిర్మాణ వ్యర్థాల రూల్స్‌లో పెద్ద సైట్లు కాంక్రీటు, మట్టి, ఇటుకలు, ఇనుము, చెక్కలు వేరు చేయాలని రాశారు, చిన్న సైట్లో అయినా రోడ్డుకి, కాలవకి అడ్డం వేయకూడదు. ఇటుకలు, స్లాబు ముక్కలు కాపులుప్పాడ వైపు ప్లాంటుకి పోవాలి. పోతున్నాయో లేదో అని నేను డ్రైవర్ని అన్‌లోడింగ్ ఫోటో అడుగుతా, పంపనోడికి రెండో పని ఇవ్వను, ఎందుకంటే చీకట్లో గెడ్డ గట్టున ఒంపేసి వస్తే రేపు అడిగేది ఓనర్నీ నన్నూనే. పాత ఏసీ (ఆస్‌బెస్టాస్ సిమెంటు) రేకులు, పెయింటు డబ్బాలు, ట్యూబ్‌లైట్లు ఇందులో వేయించకండి, ఆస్‌బెస్టాస్ రేకులు పగిలితే ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు, వాటి సంగతి ముందే వేరేగా మాట్లాడుకోండి.

రేటు అయితే నాకు ట్రాక్టర్ లోడ్ కంటే డబ్బా ఎక్కువే పడుతోంది, అయినా సందుల్లో పనులకి అదే తెప్పిస్తున్నా. అయిదుకి మూడున్నర ఇస్తా, ఆ ఒకటిన్నర పికప్ ఆలస్యాలకే కోశా.