త్సుబాల కోసం టోక్యో నుంచి క్యోటో దాకా

జపాను కత్తిలో అలుగుకూ పిడికీ మధ్య అమర్చే, అరచేతిలో ఇమిడిపోయే లోహపు బిళ్ళను త్సుబా అంటారు. ఆ పనితనాన్ని తీరిగ్గా చూడాలనే మేము ఈ యాత్ర పెట్టుకున్నాము.

ఉయెనోలోని టోక్యో జాతీయ మ్యూజియంలో మంచి త్సుబాలే ఉన్నాయి గాని, చుట్టూ ఉన్న అపారమైన సంపద మనసును వాటి మీద నిలవనివ్వదు. ర్యోగోకులో పాత యసుదా తోటను ఆనుకుని, 2018లో కొత్త భవనంలోకి మారిన కత్తుల మ్యూజియం ప్రశాంతంగా ఉంటుంది; అయితే అక్కడ పెద్దపీట అలుగులదే. రెండింటికీ సాధారణంగా సోమవారం సెలవు. టోక్యోలో మా బస ఇరుకు. ముందే ఒప్పుకుని కూడా సామాను మధ్యాహ్నం దాకా దించుకోనివ్వలేదు.

మేము వెతుకుతూ వచ్చినది క్యోటోలో, సన్నెన్‌జాకా మెట్ల దారిలోని కియోమిజు సన్నెన్‌జాకా మ్యూజియంలో దొరికింది. చిన్న గదులు, తక్కువ జనం. నడిచి వెళ్ళగలిగేంత దగ్గరలో బస తీసుకోవడం వల్ల రెండు పూటలు అక్కడే గడపగలిగాము. దూరం నుంచి నల్లని పట్టుగుడ్డలా తోచిన ఒక త్సుబా మీదికి వంగి చూస్తే, ఆ నునుపంతా చేపగుడ్లంత సన్నని బొడిపెల వరసలని తెలిసింది. నానాకో అనే ఈ పనిలో ఒక్కొక్క బొడిపెనూ గుంట మొన ఉన్న ఉలితో విడివిడిగా కొట్టి తేవాలి. ఒక్క దెబ్బ పక్కకు జరిగినా వరస చెడుతుంది. ఆ నలుపు కూడా పూసిన రంగు కాదు. రాగిలో కొద్దిపాటి బంగారం కలిపిన షకుదో అనే లోహాన్ని ముల్లంగి రసంతో తడిపి, రాగి లవణాలు కరిగించిన నీటిలో ఉడికిస్తే ఆ నీలినలుపు తేలుతుంది. హైదరాబాదులో బిద్రీ పనివారు మట్టీ నవాసారమూ పట్టించి నలుపు తేవడం చూసిన నాకు అది బాగా దగ్గరి విద్యగా తోచింది.

1876లో జపానులో కత్తులు ధరించడాన్ని నిషేధించాక త్సుబా పనివారిలో చాలామంది పూలకూజాలకూ పెట్టెలకూ మళ్ళారు. త్సుబాలు చెక్కిన కానో నత్సువో ఆనాటి జపాను మెయిజీ ప్రభుత్వపు నాణేల రూపకల్పనలోనూ పాలుపంచుకున్నాడు.

చివరి సాయంత్రం షిన్‌మొన్‌జెన్ వీధిలోని పాతవస్తువుల దుకాణంలో ఒకాయన ఒక ఇనుప త్సుబాను గుడ్డ మీద పెట్టి, పట్టుకుని చూడమన్నారు. అలుగు దూరే రంధ్రం రెండు కొసల్లోనూ రాగి ముక్కలు దిగ్గొట్టి ఉన్నాయి. ఒక కత్తి నుంచి తీసి ఇంకో కత్తికి బిగించినప్పుడు వదులు లేకుండా అలా చేస్తారు. వాటిలో ఒకదాని అంచు అరిగి, మెరుస్తూ ఉంది.