అరవై సెంటీమీటర్ల యుద్ధభూమి: డి.బి.ఎ.తో ఐదేళ్లు

2020లో గడప దాటడం ఆగిపోయిన వారంలోనే అటక మీది నుంచి ఒక అట్టపెట్టె దింపాను. అందులో రెండు సైన్యాలకు సరిపడా 15 మిల్లీమీటర్ల లోహపు బొమ్మలు, రంగు వేయకుండా అలాగే పడి ఉన్నాయి. వాటి కింద డి బెల్లిస్ ఆంటిక్విటాటిస్ అనే పుస్తకం, బొమ్మల సైన్యాలతో బల్ల మీద ఆడే యుద్ధపు ఆటకు నియమాలు. ఆడేవాళ్లంతా దాన్ని డి.బి.ఎ. అనే అంటారు. ఆ పెట్టెను ఇంట్లో నలుగురి మధ్య ఐదేళ్లుగా వాడుతున్నాను. ఇది ఆ వాడకం గురించి.

డి.బి.ఎ. మొదట 1990లో వచ్చింది. నేను ఆడేది 2014 నాటి మూడో వెర్షన్. ప్రాచీన, మధ్యయుగ సైన్యాల కోసం రాసిన నియమాలివి. ఒక్కో సైన్యంలో ఉండేవి 12 దళాలే. దళం అంటే 40 మిల్లీమీటర్ల వెడల్పున్న పలుచని బేస్. దాని మీద ఇద్దరో నలుగురో సైనికులు ఉంటారు, లేదంటే ఒక్క ఏనుగు ఉంటుంది. బోర్డు అటూ ఇటూ 60 సెంటీమీటర్లు. ఆట ఒక గంటలో తేలిపోతుంది.

ఈ 60 సెంటీమీటర్లే మా ఇంట్లో ఈ ఆటను బతికించాయి. మాకున్నది ఒకటే బల్ల. పొద్దున దాని మీద మా వారి ఆఫీసు మీటింగులు, ఆ తర్వాత పాప ఆన్‌లైన్ క్లాసు, మధ్యలో అందరి భోజనాలు. ఆరడుగుల బల్ల మొత్తం ఆక్రమించే ఆటలు చాలా ఉన్నాయి. అవి మంచివే కానీ, ఎవరూ బయటికి వెళ్లని ఇంట్లో రోజంతా బల్ల ఇవ్వమని ఎవరిని అడుగుతాం? నా బోర్డు ఒక ప్లైవుడ్ ముక్క. యుద్ధం సగంలో ఉండగా భోజనాల వేళ అయితే, బొమ్మలతో సహా ఎత్తి మంచం కిందికి తోసేస్తాను. మర్నాడు లాగితే ఎక్కడివాళ్లు అక్కడే ఉంటారు. బేస్ అడుగున పలుచని అయస్కాంతపు షీటు అతికించి, బోర్డు మీద గుడ్డ కింద రేకు పరిచాక ఒక్క దళం కూడా జారలేదు.

ఒక్కరే ఆడితే రెండు వైపులా మనమే కదా, అందులో ఉత్కంఠ ఏముంటుందని చాలామంది అడుగుతారు. డి.బి.ఎ.లో ఉంటుంది, దానికి కారణం ఒక పాచిక. ప్రతి వంతులో ముందుగా దాన్ని వేయాలి. ఎంత పడితే అన్ని కదలికలే. ఆరు పడితే సైన్యమంతా చెప్పిన మాట వింటుంది. ఒకటి పడితే ఒక దళమో, ఒకదానికొకటి ఆనుకున్న ఒక గుంపో మాత్రమే కదులుతుంది. ఎడమ రెక్క కూలిపోతోందని కళ్లముందు కనబడుతున్నా, ఒకటి పడిందంటే కుడి రెక్కను వదిలేసుకోవాల్సిందే. ఎంత తెలివిగా పథకం వేసినా ఆజ్ఞ చేరాలి కదా. 1824లో ప్రష్యా సైన్యం అధికారుల శిక్షణకు వాడుకున్న యుద్ధక్రీడలో కూడా పాచికలున్నది ఇందుకే. యుద్ధంలో సేనాపతి చేతిలో లేని భాగాన్ని అవి చూపిస్తాయి. ఈ ఒక్క నియమం వల్లే రెండు వైపులా నేనే ఆడినా, తర్వాత ఏం జరుగుతుందో నాకు ముందే తెలియదు.

అయినా మనసు ఒకవైపు మొగ్గుతుంది. దానికి నేను చేసుకున్న ఏర్పాటు ఇది: శత్రువు వంతు వచ్చినప్పుడు వాళ్లు చేయగల మూడు పనులు కాగితం మీద రాస్తాను. పాచికలో 1, 2 పడితే మొదటిది, 3, 4 పడితే రెండోది, 5, 6 పడితే మూడోది. మూడూ తెలివైన పనులే అయి ఉండాలి. చెత్త ఎత్తు ఒకటి రాశామంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే.

నా సైన్యాలు క్రీ.పూ. 326లో ఝీలం నది ఒడ్డున తలపడినవి. ఒకవైపు అలెగ్జాండర్, ఇంకోవైపు పురుషోత్తముడు. నియమాల్లో చరిత్ర ఎక్కడ దాగి ఉందో నాకు ఈ జంటతోనే అర్థమైంది. మామూలుగా ఇద్దరూ చెరో పాచిక వేసి, దళం బలాన్ని కలిపి పోల్చుకుంటారు. తక్కువ వచ్చినవాడు వెనక్కి తగ్గుతాడు. ఎదుటివాడికి వచ్చినదాంట్లో సగమో అంతకంటే తక్కువో వస్తే దళం నాశనం. అయితే ఏనుగు చేతిలో ఓడిన బరువైన ఆశ్వికదళానికి వెనక్కి తగ్గే అవకాశం లేదు, ఒక్క అంకె తేడాతో ఓడినా పోయినట్టే. ఏనుగులకు అలవాటు పడని గుర్రాలు వాటి ముందు నిలబడవు మరి. అదే ఏనుగును ఈటెలు విసిరే తేలికపాటి కాల్బలం ఓడిస్తే ఏనుగు పోతుంది. ఆ రోజు ఝీలం దగ్గర ఏనుగుల మీద, మావటీల మీద ఈటెలు, బాణాలు కురిపించింది అలాంటివాళ్లే. పుస్తకం ఇదంతా వివరించదు. రెండు వరుసల పట్టికలో పెట్టి ఊరుకుంటుంది. పది ఆటలు ఆడాక చేతికి తెలుస్తుంది.

2021లో నాకు పాజిటివ్ వచ్చి, 14 రోజులు వెనక గదిలో ఒక్కదాన్నే ఉన్నాను. మొదటి నాలుగు రోజులు జ్వరం. ఐదో రోజు కాస్త లేచి కూర్చోగలిగాక మంచం కింద బోర్డు గుర్తొచ్చింది. మా మామయ్యగారు అంతకుముందు పక్కన కూర్చుని చూసేవారు తప్ప ఎప్పుడూ ఆడలేదు. ఆ రోజు ఫోన్ చేసి, హాల్లో ఉన్న పాచిక తీసుకోమన్నాను. ప్రతి బేస్ వెనక అంచున అంకె రాసి ఉంటుంది. బోర్డు ఫోటో తీసి పంపితే, దాన్ని చూసి ఆయన అంకెలు చెప్పేవారు, ఇద్దరి బొమ్మలూ నేను జరిపేదాన్ని.

"అమ్మా, నాకు రెండే పడ్డాయి. విలుకాళ్ల వరుస మొత్తం కదలదా?"

"నాలుగూ ఆనుకునే ఉన్నాయి మామయ్యగారూ, గుంపుగా ఒక్క పాయింటుతో కదులుతాయి. ఇంకోటి మీ దగ్గర మిగిలే ఉంది."

"అయితే అది రథానికి వెయ్యి. నువ్వు మాత్రం తొందరపడి నిలబడకు, కూర్చునే జరుపు."

కదలికలన్నీ బేస్ వెడల్పుల్లోనే కొలుస్తాం కాబట్టి ఫోన్లో చెప్పడం తేలిక. పొడవాటి ఈటెల దళం రెండు వెడల్పులు, అంటే 80 మిల్లీమీటర్లు నడుస్తుంది. మిగతా తొమ్మిది రోజుల్లో ఏడు యుద్ధాలు చేశాం. తలుపు అవతల నుంచి నా దగ్గు వింటూ ఆయన ఎంత ఆందోళన పడ్డారో తర్వాత మా వారు చెప్పారు. ఫోన్లో మాత్రం ఏనుగుల గురించి తప్ప ఇంకేమీ మాట్లాడలేదు.

ఇక రంగుల సంగతి. నిజం చెప్పాలంటే ఆ ఏకాంతంలో నన్ను ఎక్కువ నిలబెట్టింది ఆట కంటే ఇదే. లోహపు బొమ్మను ముందు సబ్బునీళ్లతో కడిగి, అచ్చు అతుకుల దగ్గర మిగిలిన గీతల్ని సన్నటి ఆకురాయితో అరగదీయాలి. తర్వాత ప్రైమర్, అంటే రంగు పట్టుకునేందుకు వేసే అడుగు పూత. ఒక వానాకాలపు మధ్యాహ్నం స్ప్రే ప్రైమర్ కొడితే, గాలిలో తేమ వల్ల ఎనిమిది గుర్రాల ఒళ్లంతా గరుకు పొడి పట్టినట్టయింది. అంతా వదిలించి మళ్లీ మొదలుపెట్టడానికి రెండు రోజులు పట్టింది. అప్పటి నుంచి బ్రష్‌తో పూసే ప్రైమరే వాడుతున్నాను. అక్రిలిక్ రంగును పాలలా పలుచగా కలిపి రెండు పూతలు వేయడం ఒక్క చిక్కటి పూత కంటే ఎప్పుడూ నయం.

ఏనుగుకు మధ్యస్థమైన బూడిద రంగు వేసి ఆరనిస్తాను. నల్లటి వాష్, అంటే నీళ్లలా పలుచన చేసిన రంగు పోస్తే అది చర్మపు ముడతల్లోకి దానంతటదే పారి ఆగిపోతుంది. ఆరాక, దాదాపు పొడిగా తుడిచిన బ్రష్‌తో లేత బూడిద రంగు పైపైన రాస్తే ఎత్తుగా ఉన్న చోట్ల మాత్రమే అంటుకుంటుంది. చివరగా చెవుల అంచుకి, తొండం మొదట్లో, గులాబీ కలిపిన చిన్న చుక్కలు. ఈ చుక్కలు పెట్టేవరకు అది లోహమే. పెట్టిన క్షణం నుంచి మనవైపు చూస్తున్నట్టుంటుంది. మొదటి ఏనుగు పూర్తయినప్పుడు రాత్రి పదకొండయింది. పాపను లేపి చూపించాను.

నచ్చనివి కూడా చెప్పాలి. పుస్తకంలో ఒక్కో వాక్యంలో మూడు నాలుగు షరతులు కలిసి ఉంటాయి. ఒక్క మాట వదిలేసి చదివినా అర్థం మారిపోతుంది. కొత్తవాళ్లు మొదటి రోజే 12 దళాలూ దింపకుండా, చెరో నాలుగుతో మొదలుపెట్టి కదలిక, పోరు మాత్రమే ఆడి చూస్తే మేలు. అలెగ్జాండర్ సైనికుల సరీసా ఈటెలు అసలు యుద్ధంలో ఐదారు మీటర్లుండేవి. బొమ్మల్లో అవి మెత్తటి లోహంతో పోసి వస్తే చెయ్యి తగిలిన ప్రతిసారీ వంగుతాయి, నాలుగోసారికి విరుగుతాయి. నేను అన్నీ కత్తిరించేసి, అరచేతుల్లో సన్నటి రంధ్రం పెట్టి ఉక్కు తీగ దూర్చాను. ఇరవై నాలుగు మందికి అది చేయడానికి వారం పట్టింది, కానీ ఈ ఐదేళ్లలో ఒక్కటీ వంగలేదు. కళ్ల సంగతి ఇంకా ముఖ్యం. పగటి వెలుతురు లేకుండా 15 మిల్లీమీటర్ల ముఖాలు వేయొద్దు. రాత్రిళ్లు వేసిన నెలల్లో నాకు తలనొప్పి పట్టుకుంది.

ఎవరికి బాగుంటుందంటే, చోటు తక్కువ ఉండి, ఇంట్లో మిగతావాళ్లతో బల్ల పంచుకుంటూ, గంటకో పనికి లేవాల్సి వచ్చేవాళ్లకు. ఒక్కో సైనికుడి కథ, వాడి ఆయుధాలు, వాడికి తగిలిన గాయాలు కావాలనుకునేవాళ్లకు ఇది సరిపోదు. ఇక్కడ దళం ఉంటుంది లేదా ఉండదు, మధ్యస్థం లేదు.

ఇప్పుడు అందరూ ఎవరి ఆఫీసులకు, బడులకు వాళ్లు వెళ్తున్నారు. బల్ల రోజంతా ఖాళీయే, అయినా బోర్డు మంచం కిందే ఉంటుంది. మామయ్యగారు ఆ 14 రోజుల్లో మొదలుపెట్టిన నోటుబుక్కులో ప్రతి యుద్ధం తేదీ, పోయిన దళాల అంకెలు రాస్తారు. పురుషోత్తముడి వైపు ఆయన ఎప్పుడూ వదల్లేదు. నిన్న రాత్రి 5వ నంబరు ఏనుగు ఒంటరిగా ముందుకు వెళ్లిపోయింది, ఆయనకు పాచికలో ఒకటి పడింది. దాన్ని వెనక్కి తేవాలో, విలుకాళ్లను దాని పక్కకు పంపాలో తేల్చుకోలేక, పొద్దున చెప్తానని బోర్డు లోపలికి తోశారు.