జిబ్రాల్టర్ దిగువ సెయింట్ మైఖేల్స్ గుహ: దీపాల ప్రదర్శనకు అడుగున

స్పెయిన్ దక్షిణపు కొసను ఆనుకుని ఉన్న బ్రిటిష్ ప్రాంతమైన జిబ్రాల్టర్‌లోని కొండపై, సముద్రమట్టానికి దాదాపు 300 మీటర్ల ఎత్తున ఉన్న సెయింట్ మైఖేల్స్ గుహకు వచ్చేవారిలో ఎక్కువమంది రంగుల దీపాల ప్రదర్శన చూసి, దారిలో కోతులను ఫోటో తీసుకుని వెనుదిరుగుతారు. దాని అడుగున మరొక గుహ ఉందనీ, ముందుగా చెప్పి గైడును ఏర్పాటు చేసుకుంటే అందులోకి దిగవచ్చుననీ నాకూ అక్కడికి బయలుదేరే ముందే తెలిసింది.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో పై గుహను అత్యవసర సైనిక ఆసుపత్రిగా మార్చాలని బ్రిటిష్ సైన్యం తలపెట్టింది. 1942లో దానికి మరొక దారి తొలవడానికి ఇంజనీర్లు రాతిని పేల్చుతుండగా ఈ దిగువ గుహ బయటపడింది. ఆసుపత్రిని సిద్ధం చేశారు గాని, దానిని వాడవలసిన అవసరమే రాలేదు.

ఈ యాత్రలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కట్టిపడేసినది మనిషి పేల్చిన రాతికీ, నీరు మలచిన రాతికీ మధ్య తేడా. మనిషి పగలగొట్టిన చోట సున్నపురాయి అంచులు పదునుగా, గరుకుగా చేతికి తగులుతాయి; అక్కడి నుంచి కొంత దూరం దిగగానే అదే రాయి కరిగి గడ్డకట్టిన మైనంలా నున్నగా, తడిగా మారుతుంది. పైకప్పు నుంచి వేలాడే రాతి ఊడల కొనలలో ఒక్కొక్క నీటిబొట్టు నిలిచి, మన హెల్మెట్ దీపం సోకినప్పుడు మెరిసి, తీరిగ్గా రాలుతుంది. వానలోని ఆమ్లం సున్నాన్ని కరిగించి మోసుకువచ్చి, బొట్టుబొట్టుగా ఇక్కడ వదిలిపెట్టడం వల్ల ఏర్పడిన కట్టడమిది.

తాళ్లు పట్టుకుని దిగడం, వంగి నడవడం, కొన్ని చోట్ల పాకడం తప్పదు. చివరన ఒక సరస్సు ఉంటుంది. దాని నీరు ఎంత తేటగా ఉందంటే, గైడు వేలు ముంచి అలలు లేపేదాకా అక్కడ నీరుందని నేను గుర్తించలేదు. ఒడ్డు వెంట సన్నని రాతి అంచు మీద తాడు పట్టుకుని అడుగులు వేసే ఆ కొద్ది నిమిషాలలో ఎవరూ మాట్లాడలేదు.

ఒక్క లోపం చెప్పాలి. నాకు యాత్ర కుదిర్చినవారు మామూలు బూట్లు చాలునన్నారు. అడుగు అరిగిన బూట్లతో వెళ్లిన నేను రెండుసార్లు జారాను. పట్టున్న బూట్లు, మాసినా ఫరవాలేదనుకునే బట్టలు తప్పనిసరి. యాత్రకు దాదాపు మూడు గంటలు పడుతుంది కనుక మోకాళ్ల నొప్పులున్నవారు, ఇరుకు చోట్లంటే భయపడేవారు పై గుహతో సరిపెట్టుకోవడం మేలు. అక్కడి సంగీతం, ఊదా దీపాలు నాకు రుచించలేదు. రాతికి సహజంగా ఉన్న తేనెరంగును అవి పూర్తిగా మింగేశాయి. అయినా, ఎప్పుడో విరిగిపడిన ఒక స్తంభాన్ని అడ్డంగా కోసి ఉంచిన చోట మాత్రం తప్పక ఆగండి. చెట్టు మానులో ఉన్నట్టే అందులోనూ వలయాలు కనిపిస్తాయి.